పొద్దున లీటరు, రాత్రి రెండు లీటర్లు తాగినా మూత్రం పచ్చగా ఎందుకు?

ప్రశ్న: నా వయసు 38. ఏడాది కిందట కిడ్నీలో రాయి ఏర్పడి మూత్రంతో పాటు పడిపోయింది. రోజుకు 3 లీటర్ల నీళ్లు తాగమని డాక్టర్ చెప్పారు. ఉద్యోగంలో మాటిమాటికీ లేచి వెళ్లే వీలుండదు. అందుకే పొద్దున లేవగానే లీటరు, రాత్రి ఇంటికి వచ్చాక రెండు లీటర్లు తాగేస్తున్నాను. అయినా పగలు మూత్రం ముదురు పసుపు రంగులో వస్తోంది. అప్పుడప్పుడు మంట కూడా ఉంటోంది. ఇలా ఎందుకు అవుతోంది?

జవాబు: నీళ్ల కొలత సరిగానే ఉంది. తేడా అంతా మీరు తాగే వేళల్లో ఉంది.

ఒక్కసారిగా లీటరు తాగితే ఆ నీరు త్వరగా రక్తంలో కలుస్తుంది. రక్తం పలచబడిందని మెదడు పసిగట్టి, ఒంట్లో నీటిని నిలిపి ఉంచే వాసోప్రెసిన్ హార్మోన్‌ను తగ్గిస్తుంది. దాంతో కిడ్నీలు అదనపు నీటిని వదిలించుకుంటాయి. రెండు మూడు గంటల్లో మీరు తాగినదాంట్లో చాలా భాగం బయటికి పోతుంది. ఆ తర్వాత పగలంతా చెమటతో, ఊపిరితో నీరు పోతూనే ఉంటుంది, తాగేది మాత్రం ఉండదు. హార్మోన్ మళ్లీ పెరిగి మూత్రం చిక్కబడుతుంది. రాయికి బీజం పడేది సరిగ్గా ఆ గంటల్లోనే. చిక్కటి మూత్రంలో కాల్షియం, ఆక్సలేట్ (కొన్ని ఆహారాల్లో ఉండే ఒక పదార్థం) వంటివి కరిగి ఉండలేక స్ఫటికాలుగా మారతాయి. పొద్దున తాగిన లీటరు మధ్యాహ్నం దాకా కాపు కాయలేదు.

రాయి ఒకసారి వచ్చినవారు రోజు మొత్తంలో కనీసం రెండున్నర లీటర్ల మూత్రం వచ్చేలా చూసుకోవాలి. ఇటలీ వైద్యులు 1996లో ప్రచురించిన అయిదేళ్ల అధ్యయనంలో, మూత్రం 2 లీటర్లకు తగ్గకుండా నీళ్లు తాగినవారిలో 12 శాతం మందికి మళ్లీ రాయి వచ్చింది. అలా తాగనివారిలో అది 27 శాతం. మందు లేకుండా ఇంత మేలు దొరుకుతున్నప్పుడు దాన్ని వదులుకోవద్దని నా విన్నపం.

ఇకపై మెలకువగా ఉన్నంతసేపూ గంటకో, గంటన్నరకో ఒక గ్లాసు తాగండి. పడుకునే ముందు మరో గ్లాసు. రాత్రి మూత్రానికి లేస్తే కొద్దిగా తాగి పడుకోండి. ఎండలో తిరిగినా, బాగా చెమట పట్టినా ఇంకాస్త పెంచాలి. టీ, కాఫీలలోని నీరూ లెక్కలోకి వస్తుంది కానీ తీపి శీతల పానీయాలు వద్దు. పగటిపూట మూత్రం లేత గడ్డి రంగులో ఉంటే చాలు. బి విటమిన్ మాత్రలు వేసుకునేవారిలో రంగు మారుతుంది, దాన్ని చూసి కంగారు పడకండి.

లేచి వెళ్లే వీలు లేదన్నారు. మూత్రాన్ని గంటల తరబడి ఆపుకోవడం ఇన్‌ఫెక్షన్‌కు దారి తీయవచ్చు. ఇది మొహమాటపడాల్సిన విషయం కాదు. అవసరమైతే మీ డాక్టర్ దగ్గర ఉత్తరం రాయించుకుని పైవారికి చూపించండి.

ఉప్పు రోజుకు 5 గ్రాములు దాటనివ్వకండి. సోడియం ఎక్కువైతే మూత్రంలోకి కాల్షియం ఎక్కువగా చేరుతుంది. అలాగని పాలు, పెరుగు మానేయనక్కర్లేదు. భోజనంతో అందే కాల్షియం ఆక్సలేట్‌ను పేగుల్లోనే పట్టి ఉంచుతుంది.

రాత్రి తక్కువ వ్యవధిలో రెండు లీటర్లు తాగే అలవాటు మానండి. నిద్ర చెడుతుంది. మరీ ఎక్కువ నీళ్లు వెంటవెంటనే తాగితే రక్తంలో సోడియం పడిపోయే ప్రమాదమూ ఉంది. గుండె వైఫల్యం, కిడ్నీ వైఫల్యం ఉన్న పాఠకులు ఈ కొలతలను అనుసరించవద్దు. అలాంటివారికి ఎంత నీరు తగినదో వారి డాక్టరే చెప్పాలి.

ఇక మంట సంగతి. నీళ్లు పెంచితే తగ్గుతుందిలే అని ఊరుకోకండి. మూత్ర పరీక్ష, కల్చర్ (మూత్రంలో సూక్ష్మజీవులు ఉన్నాయేమో చూసే పరీక్ష), పొట్టకు అల్ట్రాసౌండ్ స్కాన్ చేయించి యూరాలజిస్టును కలవండి. పడిపోయిన రాయి దాచి ఉంటే వెంట తీసుకెళ్లండి, అది ఏ రకమో తెలిస్తే ఆహారంలో ఏం మార్చాలో చెప్పడం తేలిక. ఈలోగా నడుము పక్కన నొప్పితో పాటు చలిజ్వరం వచ్చినా, మూత్రం ఆగిపోయినా తెల్లవారే దాకా ఆగకుండా వెంటనే ఆసుపత్రికి వెళ్లండి.