క్యాన్ నీళ్లు ఒక్కోసారి వాసన ఎందుకొస్తాయి? కాచి తాగితే సరిపోతుందా?

ఇంటికి వేసే 20 లీటర్ల క్యాన్‌లో నీళ్లు ప్లాస్టిక్ వాసనో, నాచు వాసనో వస్తుంటే తప్పు చాలాసార్లు నీళ్లది కాదు, క్యాన్‌ది. కాచి తాగడం కంటే దాన్ని తిప్పి పంపేసి వేరేది వేయించుకోవడమే మంచిది.

ఒకే క్యాన్ నెలల తరబడి ఇళ్ల మధ్య తిరుగుతుంది. మూతి ఇరుకు కాబట్టి లోపల బ్రష్ సరిగా ఆడదు. ఆర్ఓ ప్లాంటులో కార్బన్ ఫిల్టర్ క్లోరిన్‌ని తీసేస్తుంది, దాంతో నింపాక క్రిములను ఆపేది పెద్దగా ఏమీ మిగలదు. ఎండ తగిలితే నాచు పడుతుంది, ప్లాస్టిక్ వాసన నీళ్లకు ఎక్కుతుంది. కాస్తే క్రిములు చస్తాయి గానీ ఆ ప్లాస్టిక్ వాసన పోతుందన్న నమ్మకం లేదు.

ఉదాహరణకు, మే నెలలో షాపు ముందు ఎండలో పేర్చిన క్యాన్ సంగతి చూడండి. ఖాళీ అయ్యాక వెలుతురుకి ఎత్తి చూస్తే అడుగు అంచున పచ్చటి జిగురు పొర కనిపించొచ్చు. అది లేకపోతే క్యాన్‌ని బోర్లించి పెట్టే కుళాయి డబ్బాని, అంటే డిస్పెన్సర్‌ని అనుమానించాలి. క్యాన్ నుంచి నేరుగా స్టీలు గ్లాసులోకి వంచుకున్న నీళ్లు బాగుండి, డిస్పెన్సర్ కుళాయి నుంచి పట్టినవి బాగోకపోతే కడగాల్సింది డిస్పెన్సర్‌నే. దీన్ని ఎవరూ కడగరు!

టీడీఎస్ మీటర్‌లో అంకె తక్కువ ఉంటే నీళ్లు శుభ్రమనుకోవడం పొరపాటు. అది కరిగిన లవణాలను మాత్రమే లెక్కగడుతుంది, క్రిములను కాదు. అంకె మరీ తక్కువైతే నీళ్లు చప్పగా ఉంటాయి, అంతమాత్రాన చెడిపోయినట్టు కాదు.