పాత పబ్బులో ఇల్లు కొంటున్న మా అమ్మాయికి

తల్లీ,

ఫోటోలన్నీ చూశాను. ఇంగ్లండ్‌లోని సఫోక్‌లో ఆ పాత కోచింగ్ ఇన్ను, అదే, ఒకప్పుడు గుర్రబ్బళ్ళ ప్రయాణికులు ఆగే సత్రం, మొన్నటిదాకా పబ్బుగా నడిచింది, మూడు కాటేజీలు చేసి అమ్ముతున్నారు, మధ్యది మీకు నచ్చింది, ఆ పెద్ద పొయ్యి చూశాక అల్లుడుగారు ఇంక వేరే ఇల్లు చూడనంటున్నారట. నాకూ అలాంటి ఇళ్ళంటే ప్రాణమే, ఈ దేశంలో ఇళ్ళు పరీక్షించే సర్వేయర్‌గా చేసినన్నాళ్ళూ వాటి వెంటే తిరిగాను. కానీ అది మూడిళ్ళుగా కట్టింది కాదమ్మా, ఒకే ఇల్లుగా కట్టి తర్వాత విడగొట్టింది. ఎక్కడ విడగొట్టారో ముందు అది చూడు.

గుర్రబ్బళ్ళు పెరట్లోకి పోవడానికి వదిలిన ఆర్చి ఉంది కదా, దాని మీద గది మీ బెడ్‌రూమేమో అనిపిస్తోంది, కింద దారి మాత్రం పక్కవాళ్ళది కావచ్చు. ఇలా మీ ఇంట్లో కొంత భాగం పక్కవాళ్ళ స్థలం మీద ఉండడాన్ని ఫ్లయింగ్ ఫ్రీహోల్డ్ అంటారు, కొన్ని బ్యాంకులు లోన్ ఇవ్వడానికి వెనకాడతాయి. కింది గోడ రిపేరు ఎవరిది, మీరు అటువైపు నిచ్చెన వేసుకోవచ్చా, ఇవన్నీ కాగితం మీద ఉన్నాయో లేదో సాలిసిటర్‌ని, అదే, మీ లాయర్ని, గట్టిగా అడుగు. అటక కూడా ఎక్కి చూడు, మధ్య గోడ కప్పుదాకా వెళ్ళిందా సీలింగ్ దగ్గరే ఆగిందా, ఆగితే పక్కింట్లో నిప్పంటుకున్నా పైనుంచి మీ ఇంట్లోకే వస్తుంది. సెల్లార్‌లోకి, అంటే నేల కింది గదిలోకి, బీరు పీపాలు దించే తలుపు రోడ్డు వైపు ఉంటుంది, దాన్ని ఎలా మూశారో చూడు.

ముందు ఇటుక గోడ, పైకీ కిందికీ జరిపే సాష్ కిటికీలు చూసి 18వ శతాబ్దం ఇల్లు అనుకుంటారు, వెనక చూస్తే అంతా ఓక్ చెక్క ఫ్రేమే! అప్పట్లో ఫ్యాషన్ కోసం పాత చెక్క ఇళ్ళకి ముందు ఇటుక గోడ పెట్టించేవాళ్ళు. ఆ గోడ ఫ్రేముని వదిలి బయటికి ఉబ్బిందేమో పక్కన నిలబడి చూడు. దూలాల అతుకుల దగ్గర రోమన్ అంకెల్లాంటి గీతలు కనిపిస్తే, అవి వడ్రంగులు ఏ కొయ్య ఏ కొయ్యలో దూరాలో తెలియడానికి పెట్టుకున్న గుర్తులు, వరుసగా ఉంటే ఫ్రేము అక్కడ అసలుదే అన్నమాట, ఎంత అందంగా ఉంటాయో. దయచేసి వాటిమీద సాండింగ్ మెషిన్ పెట్టనివ్వకండి.

గోడలకి సిమెంట్ పూసుంటే మాత్రం నాకు భయం. మన తాతగారింటి డంగు సున్నం గోడల్లాగే ఇవీ తడి పీల్చి మళ్ళీ వదిలేస్తాయి, సిమెంట్ ఆ తడిని లోపలే ఆపేస్తుంది, అడుగున పడుకోబెట్టిన ఓక్ దూలం కుళ్ళిపోతుంది.

గ్రేడ్ టూ లిస్టెడ్ అన్నావు, అంటే చట్టం రక్షించే పాత కట్టడాల జాబితాలో ఉందన్నమాట, లోపలి మెట్లూ తలుపులూ కూడా దాని కిందకే వస్తాయి. 1990 చట్టం ప్రకారం కన్సెంట్, అంటే ముందస్తు అనుమతి, లేకుండా ఇంటి స్వరూపం మార్చడం క్రిమినల్ నేరం, పాత ఓనర్ చేసినా సరిచేయమని నోటీసు మీకే రావచ్చు, ఎన్నేళ్ళైనా సరే. అందుకని కౌన్సిల్‌లో ఆమోదించిన డ్రాయింగ్స్ తీయించి ఇంట్లో ఒక్కో గదిలో నిలబడి పోల్చి చూసుకో. పని నిర్మాణ నిబంధనల ప్రకారం పూర్తయిందని ఇచ్చే బిల్డింగ్ కంట్రోల్ కంప్లీషన్ సర్టిఫికెట్ కూడా అడుగు.

బ్యాంకువాళ్ళు చేసే వాల్యుయేషన్‌ని సర్వే అనుకోకు, పాత ఇళ్ళు తెలిసినవాళ్ళతో లెవెల్ త్రీ, అంటే ఇల్లంతా వివరంగా పరీక్షించే సర్వే, చేయించు. విలియం మోరిస్ వాళ్ళు 1877లో పెట్టిన స్పాబ్ అనే పాత కట్టడాల పరిరక్షణ సంస్థ ఉంది, సున్నం పనీ చెక్క పనీ గురించి వాళ్ళని అడుగు. రిపోర్ట్ నాకు పంపు, కాంట్రాక్టులు ఎక్స్ఛేంజ్ అయ్యేదాకా, అంటే ఇరువైపులా ఒప్పందానికి కట్టుబడేదాకా, రేటు మళ్ళీ మాట్లాడుకోవచ్చు, తొందరపడి సంతకం పెట్టకండి.

మీ బాబాయ్