ఆటుకూరు, పాలంపేట: ఊరు ముందా, చెరువు ముందా?

ప్రశ్న: రామప్ప గుడి శాసనంలో ఊరి పేరు ఆటుకూరు అని ఉందని మా నాన్నగారు చెప్పేవారు. మేమేమో పాలంపేట అంటాము. ఇంతకీ అక్కడ మొదట వెలసింది ఊరా, గుడా, చెరువా?
– ఒక పాఠకురాలు, ములుగు

జవాబు: మీ నాన్నగారు చెప్పింది నిజమే. గుడి ఆవరణలోని నాలుగు పలకల శిలాస్తంభంపై ఉన్న సంస్కృత శాసనం శక సంవత్సరం 1135, అంటే క్రీ.శ. 1213 నాటిది. కాకతి గణపతిదేవుని సేనాని రేచర్ల రుద్రుడు ఆటుకూరులో రుద్రేశ్వరుణ్ణి ప్రతిష్ఠించి, ఆ దేవునికి గ్రామాలను ధారపోసిన సంగతి అందులో ఉంది. దేవుణ్ణి నిలిపేనాటికే ఆ చోటికి ఒక పేరున్నది కనుక, నిర్జనమైన అడవిలో గుడి కట్టాకే జనం వచ్చి చేరారనడం కుదరదు. చిన్నదో పెద్దదో, ఊరే ముందు.

అయితే ఆ ఊరు అంతటి ఆలయాన్ని పోషించే స్థితికి ఎలా వచ్చిందో తెలియాలంటే చెరువు కట్ట ఎక్కాలి. రుద్రుడే కట్టించాడని చెప్పే రామప్ప చెరువుకు మూడు వైపులా గుట్టలే గోడలు. నాలుగో వైపు మాత్రమే మనుషులు మట్టి మోసి కట్ట పోశారు. వానాకాలంలో గుట్టల మీది నీరంతా అక్కడ నిలిచి, తూముల ద్వారా కాలువలకు పారి, నిండినప్పుడు మత్తడి దూకుతుంది. నీటికి భరోసా ఉన్నచోట రైతు స్థిరపడతాడు. అతని వెంట కమ్మరి, కుమ్మరి, కట్ట పనికి ఉప్పరి, మడులకు నీరు పంచే నీరటికాడు వస్తారు. చెరువు కట్టించినవారికి ఆయకట్టులో కొంత భూమిని పన్ను లేకుండా ఇచ్చే దశబంధ మాన్యం ఆ కాలంలో ఉండేది కనుక, కలిగినవారు ఈ పనికి ఉత్సాహంగా పూనుకున్నారు. ఆ భూముల్లో పండిన ధాన్యమే గుడిలోని అర్చకులకూ వాద్యగాళ్లకూ వంటవారికీ జీవనమైంది. 2021లో గుడికి దక్కిన ప్రపంచ వారసత్వ గౌరవంలో ఈ చెరువుకూ వాటా ఉన్నదని నేను గట్టిగా నమ్ముతాను.

ఇది ఒక్క ఆటుకూరు కథ కాదు. గణపతిదేవుని కాలంలోనే జగదాళ ముమ్మడి పాకాల చెరువు కట్టించాడు. లక్నవరంలో మూడు ఇరుకు లోయలను చిన్న కట్టలతోనే మూసి అంత జలాశయాన్ని నిలిపారు.

ఇక పేరు సంగతి. 1323లో ఓరుగల్లు పతనమయ్యాక ఈ గుళ్లకు రాజపోషణ తెగిపోయింది. కాలక్రమంలో ఆటుకూరు అన్న పేరు జనం నోట మరుగునపడి, పాలంపేట నిలిచింది. చెరువు మాత్రం ఆగలేదు. దాని కింద ఈనాటికీ వరి పండుతున్నది.