ఇకాలుయిట్ నుంచి ఇంటికి: ఉత్తర కెనడా విమానాలు, పాయింట్ల సంగతి

ఇకాలుయిట్ రాజధానిగా ఉన్న ఉత్తర కెనడా ప్రాంతం నూనావుట్‌లో నర్సులుగా, ఫార్మసిస్టులుగా, అకౌంటెంట్లుగా ఉద్యోగం వచ్చిన తెలుగువారు నన్ను తరచుగా అడిగే సందేహం ఒకటుంది: హైదరాబాదు వెళ్ళి రావడానికి ఏ విమాన సంస్థ పాయింట్లు కూడబెట్టుకుంటే మంచిది? పద్నాలుగేళ్ళుగా ఉత్తర కెనడాలో ఉంటున్నవాడిగా దీనికి కొంచెం వివరంగా జవాబు చెబుతాను.

నూనావుట్‌లోని 25 ఊళ్ళలో ఏ ఒక్కదానికీ దక్షిణ కెనడా నుంచి రోడ్డు లేదు, ఒక ఊరి నుంచి మరో ఊరికీ లేదు. వేసవిలో మంచు కరిగాక సరుకు ఓడలు వస్తాయి గానీ మనుషుల రాకపోకలకు విమానమే ఆధారం. ఇక్కడ విమానాలు నడిపిన ఫస్ట్ ఎయిర్ సంస్థ 2019లో మరో సంస్థ అయిన కెనడియన్ నార్త్‌లో కలిసిపోయింది. ఆ కెనడియన్ నార్త్‌ను 2025లో, దక్షిణాన ఉన్న విన్నిపెగ్ నుంచి నూనావుట్‌లోని ర్యాంకిన్ ఇన్‌లెట్ వైపు విమానాలు నడిపే కామ్ ఎయిర్ యజమాని అయిన ఎక్స్ఛేంజ్ ఇన్‌కమ్ సంస్థే కొనుక్కుంది. కాబట్టి పాయింట్ల కోసం విమాన సంస్థను ఎంచుకునే అవకాశం ఇక్కడ దాదాపు లేదు. మీరు ఎంచుకోవలసింది ఆ పాయింట్లు ఏ ఖాతాలో చేరాలన్నది మాత్రమే.

కెనడియన్ నార్త్‌కు అరోరా రివార్డ్స్ అనే సొంత పథకం ఉంది. దానికి బదులు ఎయిర్ కెనడా పాయింట్ల పథకమైన ఏరోప్లాన్ సంఖ్య ఇచ్చి ఆ పాయింట్లు తీసుకునే వీలూ ఉంది. ఒకే ప్రయాణం రెండు ఖాతాలలోనూ జమ కాదు. నా సలహా ఇది: ఏడాదికి నాలుగైదు సార్లు ఒట్టావాకో ఎడ్మంటన్‌కో వెళ్ళి వచ్చేవారికి, పిల్లలను దక్షిణ కెనడాలో చదివిస్తున్నవారికి అరోరా పాయింట్లు పనికి వస్తాయి. తల్లిదండ్రులు ఆంధ్రలోనో తెలంగాణలోనో ఉన్నవారు మాత్రం ఏరోప్లాన్‌నే నమ్ముకోవాలి. ఆ పాయింట్లతో ఎయిర్ కెనడాలో టొరంటో నుంచి ఢిల్లీకి, లేదా లుఫ్తాన్సాలో ఫ్రాంక్‌ఫర్ట్ మీదుగా హైదరాబాదుకు చేరవచ్చు; ఢిల్లీ నుంచి విజయవాడకో విశాఖకో ఎయిర్ ఇండియా ఉంది. ఒకే కుటుంబంలో ఎనిమిది మంది వరకు తమ ఏరోప్లాన్ పాయింట్లను ఒకచోట కలుపుకోవచ్చు. పద్దెనిమిది నెలల పాటు ఖాతాలో ఏ లావాదేవీ లేకపోతే పాయింట్లు పోతాయి కాబట్టి అప్పుడప్పుడు ఆ ఖాతాను చూసుకోండి. టికెట్ కొనేటప్పుడు ఛార్జీ తరగతిని కూడా గమనించండి. అన్నిటికన్నా చవకైన టికెట్లపై పాయింట్లు తక్కువగా రావచ్చు, అసలు రాకపోనూ వచ్చు.

ఆ పాయింట్లను విహారయాత్రలకు ఖర్చు చేయకండి. అర్ధరాత్రి ఇంటి నుంచి ఫోన్ వచ్చిన రోజున, రెండో రోజుకే బయలుదేరవలసి వస్తే, అప్పటికప్పుడు కొనే టికెట్ ధర మనిషిని కుంగదీస్తుంది. ఒక మనిషి వెళ్ళి రావడానికి సరిపడే పాయింట్లు ఎప్పుడూ ఖాతాలో ఉంచుకోవాలని నేను మా ఇంట్లో నియమం పెట్టుకున్నాను; మా నాన్నగారిని చివరిసారి చూడగలిగానంటే అందుకు కారణం ఆ నిల్వే.

రెండో సంగతి వాతావరణం. మంచు తుపాను వస్తే విమానం ఒక పూట కాదు, రెండు రోజులు కూడా కదలకపోవచ్చు. ఒకసారి ఒట్టావా వరకు ఒక టికెట్, అక్కడి నుంచి భారతదేశానికి వేరే టికెట్ కొన్నాను. తుపాను వల్ల మొదటి విమానం ఆగిపోవడంతో రెండో టికెట్ డబ్బు పూర్తిగా పోయింది. వీలైతే ప్రయాణమంతా ఒకే టికెట్‌పై కొనండి. వీలుకాకపోతే ఒట్టావాలో కనీసం ఒక రాత్రి, శీతకాలంలో రెండు రాత్రులు ఉండేలా ఏర్పాటు చేసుకోండి. మందులు, పాస్‌పోర్టు, పీఆర్ కార్డు (కెనడా శాశ్వత నివాస కార్డు) చేతి సంచిలోనే ఉండాలి. చిన్న విమానంలో బరువు ఎక్కువైతే సూట్‌కేసులు తరువాతి విమానానికి మిగిలిపోతాయి.

నష్టపరిహారం విషయంలో పెద్ద ఆశలు పెట్టుకోవద్దు. కెనడాలో 2019 నాటి విమాన ప్రయాణికుల రక్షణ నిబంధనల ప్రకారం, విమాన సంస్థ అదుపులో ఉన్న, భద్రతతో సంబంధం లేని కారణం వల్ల ఆలస్యమైతే పెద్ద సంస్థలు 400 నుంచి 1,000 డాలర్ల దాకా చెల్లించాలి; చిన్న సంస్థలు చెల్లించవలసింది 125 నుంచి 500 డాలర్లు మాత్రమే. వాతావరణం వల్ల ఆగిన విమానానికి ఎవరూ పరిహారం ఇవ్వరు.

పాయింట్లకన్నా ఎక్కువ డబ్బు మిగిల్చేది ఉత్తరాన నివసించేవారికి ఇచ్చే ఆదాయపు పన్ను మినహాయింపు, చాలామంది కొత్తవారు దీనిని వదిలేసుకుంటున్నారు. నూనావుట్‌లో వరుసగా ఆరు నెలలు నివసించినవారు టీ2222 ఫారంతో రోజుకు 11 డాలర్లు, ఇంటిని నిర్వహిస్తున్నవారు మరో 11 డాలర్లు ఆదాయం నుంచి తగ్గించుకోవచ్చు. ఆ రెండో 11 తీసుకోవాలంటే, ఆ ఇంట్లో మొదటి 11 కూడా ఒక్కరే తీసుకుంటూ ఉండాలి. ప్రయాణ ఖర్చుకు వేరే మినహాయింపు ఉంది. యజమాని ఇచ్చే ప్రయాణ భత్యం టీ4 చీటీలో (యజమాని ఏటా ఇచ్చే జీతం వివరాల పత్రం) 32వ గడిలో కనిపిస్తుంది. అటువంటి భత్యం లేనివారికి కూడా 2021 నుంచి కుటుంబంలో ఒక్కొక్కరికి 1,200 డాలర్ల వరకు అవకాశం కల్పించారు. అయితే మీరు హైదరాబాదు వెళ్ళినా, పన్ను శాఖ నిర్ణయించిన నగరాలలో దగ్గరలో ఉన్నదానికి వెళ్ళి వచ్చే అతి తక్కువ ఛార్జీని మించి లెక్కలోకి తీసుకోరు. అందువల్ల ప్రతి ప్రయాణం టికెట్లు, రసీదులు, బోర్డింగ్ పాసులు ఒక కవరులో వేసి, ఏడాది వారీగా దాచి ఉంచండి.