ఇంజన్ దొరికింది సరే, బిగించే ఖర్చు మాటేమిటి?

ప్రశ్న: నాన్నగారు వాడిన పాత కారు ఉంది. కార్బురేటర్ (పెట్రోలును గాలితో కలిపి ఇంజన్‌కు అందించే పాతకాలపు భాగం) ఉన్న ఇంజన్, వెనక చక్రాలకు డ్రైవ్. దానికోసం సెకండ్ హ్యాండ్‌లో ఫ్యూయల్ ఇంజెక్షన్ (పెట్రోలును ఒత్తిడితో చిమ్మే) ఇంజన్ ఒకటి చూశాను. నా బోనస్ ఇంజన్ వరకూ సరిపోతుంది. బిగింపుకు పర్సనల్ లోన్ తీసుకుందామనుకుంటున్నాను. మైలేజీ 8 నుంచి 13కి పెరుగుతుందంటున్నారు, అమ్మితే ధర కూడా బాగా వస్తుంది కదా?

జవాబు: ముందు మైలేజీ లెక్క తేల్చేద్దాం. కారు ఏడాదికి 3,000 కిలోమీటర్లు తిరుగుతుందనుకోండి. లీటరుకు 8 చొప్పున 375 లీటర్లు, 13 చొప్పున దాదాపు 231 లీటర్లు కావాలి. మిగిలేది 144 లీటర్లు. దాని ధర ఒకపక్క, లోన్‌పై ఏడాది వడ్డీ ఇంకోపక్క రాసి చూడండి. అప్పు తీర్చడం తర్వాత మాట, కనీసం వడ్డీకైనా వస్తుందేమో తెలుస్తుంది. ఇది సరదా ఖర్చు. సరదా తప్పు కాదు గానీ, దానికి అప్పు వద్దు.

అమ్మకం ధర మీద కూడా ఆశ పెట్టుకోకండి. పాత కార్లు కొనేవాళ్లలో చాలామంది కారుతో పుట్టిన ఇంజనే ఉందా అని నంబరు చూస్తారు. అందుకే పాత ఇంజన్‌ను తుక్కుకి వేయొద్దు. నూనె పట్టించి, రంధ్రాలు మూసి దాచండి. బాడీని కోయకుండా బోల్టులతో బిగించే పద్ధతే ఎంచుకోండి.

ఇక అసలు ఖర్చు. ఇంజన్ ధర ఇందులో చిన్న వాటా. ఇంజెక్షన్ ఇంజన్‌కు సాధారణంగా 3 నుంచి 4 బార్ (బార్ అంటే ఒత్తిడి కొలత) ఒత్తిడితో పెట్రోలు కావాలి. కార్బురేటర్ పంపు ఇచ్చేది 0.2, 0.3 బార్ మాత్రమే. కాబట్టి కొత్త పంపు, ఆ ఒత్తిడికి తట్టుకునే పైపులు, చాలా ఇంజన్లకు మిగిలిన పెట్రోలును ట్యాంకుకు తిరిగి పంపే రిటర్న్ లైన్ కూడా తప్పవు. ట్యాంకులో అడ్డుగోడలు లేకపోతే మలుపుల్లో పెట్రోలు ఒక మూలకు పోయి, పంపు గాలి పీల్చి ఇంజన్ తడబడుతుంది. ఆయిల్ సంప్ (ఇంజన్ అడుగున నూనె ఉండే తొట్టి) క్రాస్ మెంబర్‌కో (కారు అడుగున అడ్డంగా ఉండే దూలం) స్టీరింగ్ రాడ్‌కో తగలడం మామూలే. అప్పుడు సంప్‌ను కోసి మళ్లీ వెల్డింగ్ చేయాలి. ఇంజన్‌ను పట్టి ఉంచే మౌంటింగులు, ఇంజన్‌ను గేర్‌బాక్స్‌కు కలిపే అడాప్టర్, పొడవు మార్చి బ్యాలెన్స్ చేసిన ప్రొపెల్లర్ షాఫ్ట్ (వెనక చక్రాలకు శక్తిని చేర్చే కడ్డీ), పెద్ద రేడియేటర్, ఎలక్ట్రిక్ ఫ్యాన్, చివరికి స్పీడోమీటర్ కూడా పని పెడుతుంది. శక్తి పెరిగితే పాత డ్రమ్ బ్రేకులతో నడపడం ప్రమాదం. బ్రేకుల ఖర్చును ‘తర్వాత చూద్దాం’ ఖాతాలో వేయకండి.

విడి ఇంజన్ కన్నా, ఢీకొట్టి పక్కన పెట్టేసిన కారును పూర్తిగా కొనడం తరచూ చవక. ఈసీయూ (ఇంజన్‌ను నడిపించే కంప్యూటర్), వైరింగ్, సెన్సర్లు, యాక్సిలరేటర్ పెడల్, తాళంచెవి అన్నీ ఒకే బండివి ఉంటాయి. తాళంచెవి రాకపోతే ఇమ్మొబిలైజర్ అనే దొంగతనం నిరోధక పరికరం ఇంజన్‌ను స్టార్ట్ కానివ్వదు, దాన్ని సరిచేయించడానికి మళ్లీ డబ్బు. కొనేముందు అన్ని సిలిండర్లకూ కంప్రెషన్ టెస్ట్ (లోపలి ఒత్తిడి సరిగా ఉందో లేదో చూసే పరీక్ష) చేయించండి. ఇంజన్ బయట ఉన్నప్పుడే టైమింగ్ బెల్టు, వాటర్ పంపు, క్లచ్ మార్చేయండి. బిగించాక మార్చాలంటే కూలి రెండోసారి కట్టాలి.

వీటన్నిటికన్నా ముందు రిజిస్ట్రేషన్ అధికారుల నుంచి లిఖితపూర్వక అనుమతి, బీమా కంపెనీ అంగీకారం తీసుకోండి. ఇంజన్ మార్పు చెప్పకుండా దాస్తే క్లెయిమ్ తిరస్కరించడానికి వాళ్లకు కారణం దొరుకుతుంది.

డబ్బు విషయంలో నా సలహా ఇది. ఆరు నెలల ఇంటి ఖర్చు విడిగా ఉండాలి, దాన్ని ముట్టుకోకూడదు. పైన చెప్పిన ప్రతి పనికీ కొటేషన్ తీసుకుని, మొత్తం మీద కనీసం పాతిక శాతం అదనంగా కలపండి. అంత సొమ్ము జమయ్యే వరకు బోనస్‌ను డిపాజిట్‌లో ఉంచి, నెలనెలా కలుపుతూ పోండి. మెకానిక్‌కు మొత్తం ముందే ఇవ్వకండి. ఇంజన్ కూర్చున్నాక కొంత, స్టార్ట్ అయ్యాక కొంత, రోడ్డు మీద వేడెక్కకుండా నడిచాక మిగతాది. విప్పి సగంలో వదిలేసిన కారుకు వచ్చే ధర, ఇప్పుడు నడుస్తున్న మీ కారుకు వచ్చేదాని కన్నా తక్కువ.

అంత కాలం ఆగలేనంటే, ఉన్న ఇంజన్‌నే రీబోర్ చేయించి (అరిగిన సిలిండర్లను కొంచెం పెద్దగా తొలిపించి), ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్ పెట్టించి, కార్బురేటర్ శుభ్రం చేయించండి. చాలావరకు అది బోనస్‌లోనే అయిపోవచ్చు.