వీటీ అనే ఆ రెండక్షరాలు

తమ్ముడూ,

సోవియట్ యుద్ధ విమానం ఐ-5 మీద నువ్వు పంపిన వ్యాసం రెండుసార్లు చదివాను. చాలా కష్టపడ్డావు, తెలుస్తూనే ఉంది. కానీ మొదటి మూడు పేజీల్లో ఇంజన్లు, మెషిన్ గన్లు, దాదాపు 800 విమానాలు తయారయ్యాయన్న లెక్కలే ఉన్నాయి. నాలుగో పేజీలో 'దీని తొలి నమూనా పేరు వీటీ-11' అని ఒక్క ముక్క రాసి దాటేశావు.

నువ్వు ఆగాల్సింది అక్కడే. వీటీ అంటే రష్యన్‌లో 'వ్నూత్రెన్నయా త్యుర్మా', లోపలి జైలు. 1929 అక్టోబరులో విమాన డిజైనర్ పొలికార్పోవ్‌ని అరెస్టు చేసి, విచారణ లేకుండానే మరణశిక్ష వేశారు. డిసెంబరులో మాస్కోలోని బుతీర్కా జైలుకి తెచ్చి, తనలాగే ఖైదీ అయిన డిజైనర్ గ్రిగోరోవిచ్ పక్కన ఈ విమానం డిజైన్ పనిలో కూర్చోబెట్టారు. తర్వాత ఖొదిన్కా ఎయిర్‌ఫీల్డ్ దగ్గర 39వ ఫ్యాక్టరీలో ఒక హ్యాంగర్‌కి మార్చారు. 1930 ఏప్రిల్ 29న పైలట్ బుఖ్‌గోల్త్స్ ఆ విమానాన్ని గాల్లోకి లేపాడు. డిసెంబరు నుంచి ఏప్రిల్ దాకా ఎన్ని నెలలో వేళ్ల మీద లెక్కపెట్టి చూడు.

అంత తొందరగా ఎలా అయిందని పాఠకుడు అడుగుతాడు. ఇద్దరికీ బైప్లేన్, అంటే ఒకదాని పైన ఒకటి రెండు రెక్కలున్న విమానం, కొత్త కాదు. గ్రిగోరోవిచ్ ఐ-2 చేశాడు, పొలికార్పోవ్ ఐ-3 చేశాడు. ఆ చేతులే ఇక్కడా పనిచేశాయి. ఇది తప్పకుండా రాయి.

పొలికార్పోవ్ గడియపెట్టిన తలుపు కేసి చూస్తూ కన్నీళ్లు పెట్టుకున్నాడని రాశావు. ఎవరు చూశారు నాయనా? తీసెయ్. దానికి బదులు విమానాన్ని దగ్గరగా చూపించు: ఉక్కు గొట్టాలు వెల్డింగ్ చేసి కట్టిన ఒళ్లు, గుడ్డ కప్పిన చెక్క రెక్కలు, కింద రెక్క కన్నా పెద్దదైన పై రెక్క, ముక్కు మీద చక్రంలా పరుచుకున్న తొమ్మిది సిలిండర్ల జూపిటర్ ఇంజన్. ఖైదీలు గీసిన గీతలు ఇవే కదా. నాకైతే ఆ కన్నీళ్ల కన్నా ఈ గొట్టాలే ఎక్కువ బాధ పెట్టాయి.

విమానం ఎగిరిన రోజునే వాళ్లని వదిలేశారన్నట్టు ముగించావు. అలా జరగలేదు, విడుదలకి 1931 దాకా ఆగాల్సి వచ్చింది. పొలికార్పోవ్ మీద కేసు కొట్టేసింది 1956లో. అప్పటికి ఆయన పోయి 12 ఏళ్లు. ఆ సంవత్సరం నీ వ్యాసంలో ఎక్కడా లేదు. చేర్చి, వీటీతోనే మొదలుపెట్టి తిరగరాసి పంపు.

ప్రేమతో,
అన్నయ్య