అంగడాయన మాట పక్కనపెట్టి గ్లాసు అడుగు చూడండి

తిరుపతిలో పాత సామాన్ల అంగట్లో నాలుగు నీలం గాజు గ్లాసులు కొన్నారని, చేత్తో చేసినవని చూస్తేనే తెలుస్తోంది గానీ ఎక్కడివో అర్థం కావడం లేదని, అమ్మినాయన మాత్రం బెల్జియం సరుకు అన్నాడని రాశారు. మనవైపు అద్దం బాగుంటే బెల్జియం, గ్లాసు బాగున్నా బెల్జియమే. ఆ మాటను ఆధారంగా తీసుకోవద్దు.

మూడేళ్ళ కింద నేనూ ఇలాంటి మాటే నమ్మి చిత్తూరులో ఐదు గ్లాసులు కొన్నాను. లేత ఆకుపచ్చ ఛాయ, లోపల బుడగలు. తెల్లదొరల కాలంవని చెప్పారు. తీసుకుపోయి మా మేనమామకు చూపించాను. ఆయనది ఏర్పేడు మండలం పాపానాయుడుపేట, గాజు పూసలకు పేరున్న ఊరు. అక్కడ కొలిమిలో కరిగిన గాజును సన్నటి గొట్టంలా లాగి, ముక్కలు కోసి, మళ్ళీ కాల్చి పూసలు చేస్తారు. మామ ఆ కొలుముల మధ్యే పెరిగినాడు.

ఆయన రంగు వైపే చూడలేదు. గ్లాసును కిటికీ వెలుతురుకు ఎత్తి బుడగలు చూశాడు. "మా పూసల గొట్టంలో బుడగ లాగినవైపే పొడుగ్గా సాగుతుంది అల్లుడూ. ఇందులో గుండ్రంగా ఉండాయి. ఇది ఊదిన గాజు" అన్నాడు. తర్వాత గ్లాసు బోర్లించి నా బొటనవేలు పట్టుకుని అడుగున పెట్టించాడు. సరిగ్గా నడిమధ్యన పావలా కాసంత గరుకు మచ్చ తగిలింది. ఊదిన గ్లాసును ఊదే గొట్టం నుంచి విడదీసే ముందు అడుగున ఇనుప కడ్డీ అంటించి పట్టుకుంటారు. అంచు సరిచేశాక ఆ కడ్డీని విరిచేస్తే మిగిలే మచ్చ అది. అది కనబడితే చేతిపని అనుకోవచ్చు. కనబడకపోతే మాత్రం కాదని చెప్పేయలేం, ఎందుకంటే చల్లారాక అంచు కోసి నునుపు చేసే పద్ధతిలో ఆ మచ్చే రాదు.

ఇదంతా ఎలా చేశారో చెబుతుంది. ఏ ఊర్లో చేశారో తెలియాలంటే ఇంకో ఆధారం కావాలి. నాకది ఒక గ్లాసు అడుగున సగం చిరిగి అంటుకున్న కాగితం చీటీలో దొరికింది. పేరు పోయింది, 283203 అనే అంకెలు మిగిలాయి. అది ఫిరోజాబాద్ పిన్ కోడ్. పిన్ కోడ్‌లు మన దేశంలో మొదలైంది 1972 ఆగస్టు 15న, కాబట్టి తెల్లదొరల కాలం మాట అక్కడితో తేలిపోయింది. ఉత్తరప్రదేశ్‌లోని ఆ ఊరు చేతి గాజులకు పెట్టింది పేరు, గ్లాసులూ లాంతరు చిమ్నీలూ కూడా అక్కడ ఊదుతారు. ఆకుపచ్చ ఛాయకూ అప్పుడే అర్థం దొరికింది. ఇసుకలో, పాత సీసాల ముక్కల్లో ఉండే ఇనుము వల్ల గాజుకు ఆ రంగు వస్తుంది. మొదట కొంచెం బాధేసిన మాట నిజం. కానీ ఎవరి ఊపిరితో తయారైందో తెలిశాక ఆ గ్లాసులు నాకు ఇంకా ఇష్టమయ్యాయి.

ఇక మీవి. అడుగున గరుకు లేదు, చిన్న గుంటలా నున్నగా ఉందన్నారు. అంటే కడ్డీ మచ్చను సానపట్టి తీసేసి ఉండొచ్చు. ఇది చాలా దేశాల్లో చేసే పని, దీన్నిబట్టే ఊరు చెప్పలేం. ఆ గుంట మీద నోటితో ఆవిరి ఊదండి. యాసిడ్‌తో వేసిన సన్న అక్షరాలు మామూలుగా కనబడకపోయినా ఆవిరిలో తేలుతాయి. నిజంగా బెల్జియంవైతే, 1826 నుంచి లియేజ్ దగ్గర నడిచిన వాల్ సాన్ లాంబేర్ అనే గాజు ఫ్యాక్టరీ వాళ్ళ పేరు ఉండే అవకాశం ఉంది. చెకోస్లొవేకియా అని కనబడితే 1918కీ 1992కీ మధ్యవి. మురానో (గాజుకు పేరున్న ఇటలీ ఊరు) అన్న స్టిక్కర్ ఒక్కటే ఉంటే తొందరపడి నమ్మకండి, స్టిక్కర్ ఎవరైనా అంటించొచ్చు. ఒళ్ళంతా రంగు లేకుండా ఉండి అంచు మాత్రమే నీలమైతే, బుడగలు కూడా ఉంటే, మెక్సికో పని కావచ్చు.

నోట్లు చూసే యూవీ టార్చి ఉంటే చీకట్లో వేసి చూడండి. సీసం కలిపిన క్రిస్టల్ గాజైతే లేత మంచు నీలంగా వెలగొచ్చు. ముదురు రంగు గాజులో ఇది సరిగా తెలియదు, అందుకే లేత భాగం మీద వేయండి. గోటితో కొట్టి శబ్దం వినే పద్ధతిని నేను పెద్దగా నమ్మను, పల్చటి మామూలు గాజు కూడా గంటలా మోగుతుంది. సీసం ఉందని అనుమానం వస్తే నిమ్మరసం లాంటివి అందులో నిలవ ఉంచొద్దు.

ఏ దేశంవైనా సరే, వేడి కాఫీ మాత్రం పోయకండి. నా ఐదింట్లో ఒకటి అలాగే పోయింది. మందపాటి అడుగు, పల్చటి గోడ ఒకేలా వేడెక్కవు కదా, పోసిన క్షణంలోనే అడుగు నుంచి అంచుదాకా చీలింది.

వీలైతే అడుగు ఫోటో పెట్టండి. వెలుతురు పక్క నుంచి పడేలా తీస్తే గుంట, గీతలు బాగా కనబడతాయి.